మంచుబొట్టుకి ఎంత చోటు

డిసెంబరు వచ్చాక వెల్దుర్తిలో తెల్లారడం ఒక్కసారిగా జరగదు. ముందు కొండల వైపు చీకటి కాస్త పలచబడుతుంది. తర్వాత మిరప తోటల మీద తెల్లటిదేదో తేలుతుంది. అది పొగో మంచో తేలకముందే రోడ్డు మీద పాలవాళ్ళ మోటారు సైకిళ్ళు వినిపిస్తాయి, కనిపించవు. రైతు సంఘం ఆఫీసు మేడ మీద గదిలో ఉండే హెప్సిబా రోజూ ఆ వేళకి లేచి, దుప్పటి భుజాల మీద కప్పుకునే కిందికి దిగి, కంప్యూటరు ముందు కూర్చునేది.

ఆమెది రాజుపాలెం. నరసరావుపేటలో ఎంసీఏ చదివింది. సంఘంలో కంప్యూటరు పనికి చేరి ఏడాదిన్నర అయింది. మిరప తోటల్లో సంఘం వాళ్ళు నలభై ఎనిమిది గుంజలు పాతించారు. ఒక్కో గుంజకి ఆకు ఆకారంలో ఒక చిన్న పలక ఉంటుంది. రాత్రి మంచు పడి మిరపాకు తడిస్తే ఆ పలకా తడుస్తుంది, తడిగా ఉన్నానో లేదో రెండు నిమిషాలకొకసారి ఆఫీసులోని కంప్యూటరుకి చెబుతుంది. వచ్చిన ప్రతి కబురునీ కంప్యూటరు ఒక చిన్న ఫైలుగా రాసిపెట్టుకుంటుంది. తెల్లవారుజామున నాలుగున్నరకి, గడిచిన పది రోజుల ఫైళ్ళన్నీ చదివి, ఏ తోటలో ఆకు ఎన్ని గంటలు తడిగా ఉందో తేలుస్తుంది. తడి మరీ ఎక్కువసేపు నిలిస్తే కాయకుళ్ళు పట్టుకుంటుంది. అలాంటి రోజున, ఆకు ఆరగానే మందు కొట్టమని రైతుల ఫోన్లకి మెసేజి వెళ్తుంది. అవసరం లేకపోతే లేదనే వెళ్తుంది. అనవసరంగా మందు కొట్టకపోవడం కూడా అవసరమే.

పోయిన ఏడు ఆ మెసేజి అయిదింటికల్లా వెళ్ళేది. ఈ ఏడు అక్టోబరులో ఆరయింది. నవంబరులో ఎనిమిదయింది. కంప్యూటరు మీద ఎర్ర దీపం ఆగకుండా మినుకుమినుకుమంటూ ఉండేది. లోపల డిస్కు గొణిగే చప్పుడు వింటుంటే, ఎవరో మసక చీకట్లో ఏదో వెతుక్కుంటూ ఇల్లంతా తిరుగుతున్నట్టు అనిపించేది హెప్సిబాకి. ఆ చప్పుడు వింటూ వింటూ ఆమె కళ్ళు మూతలు పడేవి. మళ్ళీ తెరిచేసరికి కిటికీలో ఎండ ఉండేది. లెక్క సగంలో ఉండేది.

డిసెంబరు మొదటి వారంలో ఒకరోజు మెసేజి పదకొండున్నరకి వెళ్ళింది. ఆ రోజు మందు కొట్టమనే చెప్పింది. అప్పటికి ఆకు ఆరిపోయి చాలాసేపయింది, రైతులు వేరే పనుల్లో పడిపోయారు.

అయిదు రోజుల తర్వాత ఇన్నయ్య ఆఫీసుకి వచ్చాడు. అరవై దాటిన మనిషి. కొండ వైపు రెండెకరాల మిరప తోట ఆయనది. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపలికి వచ్చి, జేబులోంచి ఒక మిరపకాయ తీసి హెప్సిబా బల్ల మీద పెట్టాడు. ఎర్రగా పండిన కాయ. దాని నడుమ నల్లటి మచ్చ ఒకటి, గుండ్రంగా, లోపలికి దిగినట్టు ఉంది.

"కింది మూల అంతా ఇట్టనే ఉందమ్మా," అన్నాడు.

హెప్సిబా ఆ కాయని చేతిలోకి తీసుకుంది.

"మెసేజి లేటుగా వచ్చింది బాబాయ్. నాదే తప్పు."

"తప్పెవురిదని రాలేదు నేను. పోయినేడు పొద్దుగాల్నే వచ్చేది. నమ్మకం కుదిరింది. ఇప్పుడేంది, మీ మిషను పొద్దెక్కినాక లేస్తంది?"

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదనుకుంది హెప్సిబా. పక్క గదిలోంచి సంఘం కార్యదర్శి గోపీచంద్ వచ్చి, "పాతదైపోయింది ఇన్నయ్యా, ఈ సీజను దాటినాక కొత్త కంప్యూటరు చూద్దాం," అన్నాడు. ఇన్నయ్య తల ఊపాడు. సీజను దాటాక మిరప తోట ఉండదని ముగ్గురికీ తెలుసు.

వెళ్ళబోతూ ఇన్నయ్య గుమ్మం దగ్గర ఆగి, "అమ్మాయ్, నువ్వు ఎప్పుడన్నా మంచు పడ్డ చేలోకొచ్చినావా?" అని అడిగాడు.

"లేదు బాబాయ్."

"రేపు రా. పొద్దుగాల్నే రా."

మర్నాడు ఆమె వెళ్ళింది. రోడ్డు దిగి గట్టు ఎక్కేసరికి ముందున్న ఇన్నయ్య వీపు తప్ప ఇంకేమీ కనిపించలేదు. చలికి చెవులు మొద్దుబారాయి. చుట్టూ ఎంత తోట ఉందో, అది ఎక్కడ అయిపోతుందో తెలియలేదు. నడుస్తున్న కొద్దీ మిరప మొక్కలు రెండు వైపులా ఒక్కొక్కటిగా మంచులోంచి వచ్చి, వెనక్కి పోయి, మంచులో కలిసిపోతున్నాయి. తనే నిలబడి ఉందో, తోటే నడుస్తోందో హెప్సిబాకి కాసేపు తెలియలేదు.

ఇన్నయ్య ఒక చోట వంగి, "చెయ్యి తిప్పి పెట్టు. అరచెయ్యి కాదు, వెనకది," అన్నాడు.

ఆమె చేతి వెనక భాగాన్ని ఆకుల మీద ఆనించింది. అన్ని ఆకులూ తడిగా లేవు. పైవి చెమర్చినట్టున్నాయి అంతే. కిందివి నీళ్ళు కారుతున్నాయి. ఒక ఆకు కొసన ఒక్క బొట్టు వేలాడుతోంది. అందులో లోకం తలకిందులుగా ఉంది. ఊపిరి తగిలితే రాలిపోయేటట్టుంది.

ఆ బొట్టు వంక హెప్సిబా చాలాసేపు చూసింది. ఏడాదిన్నరగా తను దాచిపెడుతున్నది దీన్నేనా అనిపించింది. తెర మీద అంకెలుగా, గీతలుగా చూసింది కానీ ఇది ఇంత చిన్నదని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"నా చేతికి ఈ మూల సంగతి తెలిసిద్ది," అన్నాడు ఇన్నయ్య. "ఆ మూలకి నడిచిపోయేలోపల ఇక్కడిది ఆరిపోయిద్ది. పది రోజుల నాటి తడి ఎంతో నాకేం గుర్తుంటది? అది మీ గుంజకి గుర్తుంటది. నువ్వు టయానికి చెప్పు, చాలు."

ఆఫీసుకి తిరిగొచ్చేసరికి ఏడయింది. కంప్యూటరు ఇంకా గొణుగుతూనే ఉంది. చెప్పుల మట్టి కూడా దులుపుకోకుండా కూర్చుని, ఇన్నయ్య తోటలోని గుంజ రాత్రి పంపిన ఫైలు ఒకదాన్ని వెతికి పట్టుకుంది. అది ఎంత ఉందో చూడాలనిపించింది, అంతే. ఆకు మీద బొట్టు అంత చిన్నదైతే, ఇక్కడ అది ఎంత ఉంటుంది?

తెర మీద రెండు అంకెలు వచ్చాయి. ఫైలు పరిమాణం రెండు వందల తొంభై బైట్లు. దాని కిందనే, డిస్కు మీద అది ఆక్రమించిన చోటు ఒక లక్షా ముప్పై ఒక్క వేల డెబ్భై రెండు బైట్లు.

మొదట తప్పు చదివాననుకుంది. ఇంకో ఫైలు తీసింది. అదీ అంతే. ఇంకొకటి. అదీ అంతే. రెండు వందల డెబ్భై బైట్లున్నా, మూడు వందల పది ఉన్నా, కింది అంకె మారడం లేదు.

అప్పుడు ఆమెకి నరసరావుపేట కాలేజీ గుర్తొచ్చింది. మధ్యాహ్నం క్లాసు, తిరగని ఫ్యాను, బోర్డు మీద గళ్ళు గీస్తున్న నిర్మల మేడం. "ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కుని బైటు బైటుగా పంచదు, బ్లాకులుగా పంచుతుంది. ఎంత చిన్న ఫైలుకైనా ఒక బ్లాకు మొత్తం ఇవ్వాల్సిందే. మిగిలిన చోటు ఖాళీగా ఉన్నా ఇంకెవరికీ ఇవ్వదు." పరీక్షలో అది రెండు మార్కుల ప్రశ్న. హెప్సిబాకి రెండు మార్కులూ వచ్చాయి. ఆ తర్వాత మళ్ళీ దాని ఊసెత్తలేదు.

వెంటనే మాచర్లకి, మహేష్‌కి ఫోన్ చేసింది. పెళ్ళిళ్ళకి వీడియోలు తీసే కుర్రాడతను. సంఘానికి ఆ కంప్యూటరుని డిస్కుతో సహా ఇచ్చింది అతనే. వారానికోసారి వచ్చి డ్రోనుతో తోటల వీడియో కూడా తీసిపెడతాడు.

"మహేష్, ఆ డిస్కు ఫార్మాట్ చేసినప్పుడు బ్లాకు సైజు ఎంత పెట్టావు?"

"నేనేం పెట్టలా మేడం. అది ఎంత చూపిస్తే అంతకి ఓకే కొట్టా. నూట ఇరవై ఎనిమిది కేబీ అనుకుంటా. పెళ్ళి వీడియోలకి పెద్దదే మంచిది మేడం, చానా స్పీడుగా కాపీ అయిద్ది. ఏం, పాడైందా?"

"పాడవలేదు. పెళ్ళికి సరిపోయేదే."

"మరేంది?"

"ఇక్కడ జరిగేది పెళ్ళి కాదు కదా," అంది హెప్సిబా. ఆమెకి నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చింది.

రెండు నిమిషాలకొకటి చొప్పున, రోజుకి ముప్పై నాలుగు వేల ఫైళ్ళు. రెండు సీజన్లకి కలిపి డెబ్భై రెండు లక్షలు. అన్నిటిలోని రాతా కలిపితే రెండు జీబీలే. అవి ఆక్రమించిన చోటు ఎనిమిది వందల ఎనభై జీబీలు. డిస్కు దాదాపు నిండిపోయింది, అదీ ఎక్కువగా ఖాళీతో నిండిపోయింది.

గోపీచంద్ రాగానే కాగితం మీద గళ్ళు గీసి చూపించింది. ఒక్కో గడిలో పెన్సిలు మొనతో ఒక్క చుక్క పెట్టింది.

"అర్థమైంది. చోటు వేస్టు. కానీ స్లో ఎందుకయిద్ది?" అన్నాడాయన.

"పది రోజుల ఫైళ్ళంటే మూడు లక్షల నలభై అయిదు వేలు సార్. పక్కపక్కనే ఉంటే లోపల తిరిగే పళ్ళెం మీద ఒక చిన్న పట్టీలో సరిపోయేవి. ఇప్పుడు ఒక చుక్కకీ ఇంకో చుక్కకీ నడుమ అంత ఖాళీ ఉంది. చదివే ముల్లు ఆ ఖాళీలన్నీ దాటుకుంటూ పోవాలి. చదివింది గుర్తు పెట్టుకోవడానికి ఉన్న చోటూ ఆ ఖాళీకే పోతోంది. అదొక్కటే కారణమని చెప్పను, డిస్కు పాతదే. కానీ పెద్ద కారణం ఇదే."

గోపీచంద్ ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు. "కొత్తది కొనకపోయినా సరిపోయిద్దా?"

"సరిపోతుందనే అనుకుంటున్నాను."

"అయితే కానీ."

ముందు ఉన్న ఫైళ్ళన్నీ ఒకే మూటగా కట్టి వేరే డిస్కులో దాచాలి. రెండు జీబీల మూటే, కానీ డెబ్భై రెండు లక్షల ఫైళ్ళని ఒక్కొక్కటిగా తెరిచి, చదివి, మూయాలి. రెండు రోజుల పని. గుంజలు తమ కబుర్లని మూడు రోజులదాకా తమలోనే దాచుకోగలవు కాబట్టి భయం లేదు. అప్పటిదాకా మెసేజి రాదని, ఆకుని చేత్తో చూసుకోమని గోపీచంద్ రైతులకి చెప్పాడు. హెప్సిబా పని మొదలుపెట్టి పక్కనే కూర్చుంది.

ఆ రెండు రోజులు ఆమెకి నిజంగా గడిచినట్టు అనిపించలేదు. తెర మీద ఫైళ్ళ పేర్లు కిందినుంచి పైకి కదిలిపోతూనే ఉన్నాయి. ఒక్కో పేరులో ఒక గుంజ నంబరు, ఒక తేదీ, ఒక గంట, ఒక నిమిషం. పోయిన ఏడు నవంబరు పద్ధెనిమిది, తెల్లవారుజాము మూడూ పన్నెండు నిమిషాలు. ఆ నిమిషంలో ఎక్కడో ఒక ఆకు తడిసింది. తను అప్పుడు పైన గదిలో నిద్రపోతూ ఉండి ఉంటుంది. ఆ ఆకు ఎప్పుడో ఎండి రాలిపోయింది, ఆ మొక్కనే పీకేశారు. ఆ తడి మాత్రం ఇంకా ఇక్కడ ఉంది.

బయట కల్లంలో ఎండబోసిన మిరపకాయల ఘాటు కిటికీలోంచి వచ్చి గొంతులో కూర్చునేది. మధ్యాహ్నం ఎండ వెచ్చగా ఒంటిమీద పడేది. అలాంటి ఒక మధ్యాహ్నం కుర్చీలోనే నిద్ర పట్టింది.

కలలో ఒక పొడవాటి వీధి. రెండు వైపులా పెద్ద పెద్ద బంగళాలు. మొదటి బంగళా తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. సామాను లేదు, మనిషి లేడు. గది తర్వాత గది. ఆఖరి గదిలో గచ్చు మీద ఒక మంచుబొట్టు కూర్చుని ఉంది. "ఒక్కదానివే ఉంటున్నావా?" అని అడిగింది హెప్సిబా. బొట్టు జవాబు చెప్పలేదు కానీ వణికింది. పక్క బంగళాలోనూ ఒక బొట్టే. ఆ పక్కదానిలోనూ అంతే. ఆమె వాటిని ఒక్కొక్కటే దోసిట్లోకి తీసుకుంటూ వీధి చివరిదాకా నడిచింది. ఎన్ని తీసుకున్నా దోసిలి నిండలేదు. చేతులు మాత్రం చల్లగా అయిపోయాయి. వీధి చివర తెల్లటి వెలుతురు తప్ప ఇంకేమీ లేదు. ఆ వెలుతురులోకి అడుగు పెట్టబోతుంటే మెలకువ వచ్చింది. చేతులు నిజంగానే చల్లగా ఉన్నాయి. కంప్యూటరు నిశ్శబ్దంగా ఉంది. మూట కట్టడం అయిపోయింది.

డిస్కుని శుభ్రంగా తుడిచి కొత్తగా ఫార్మాట్ చేసేటప్పుడు బ్లాకు ఎంత ఉండాలని కంప్యూటరు అడిగింది. ఆమె జాబితాలో అన్నిటికన్నా చిన్నది ఎంచుకుంది. అయిదు వందల పన్నెండు బైట్లు. బొట్టుకి తగిన ఇల్లు అనుకుంది. ఆ ఎంపికలో కాస్త మురిపెం కూడా ఉంది. తర్వాత లెక్కకి కావలసిన ఫైళ్ళని మూటలోంచి విప్పి మళ్ళీ డిస్కులో పెట్టింది.

మర్నాడు మెసేజి నాలుగూ నలభైకి వెళ్ళింది. హెప్సిబా గడియారం వంక రెండుసార్లు చూసింది. ఆ తర్వాతి రోజూ అంతే. గోపీచంద్ అందరికీ చెప్పుకున్నాడు. నాలుగు రోజులు అలా సాఫీగా గడిచాయి.

శుక్రవారం సాయంత్రం మహేష్ వచ్చి డ్రోను వీడియో కాపీకి పెట్టి వెళ్ళాడు. ఒకే ఫైలు, ఆరు జీబీలు. ఇదివరకు రెండు నిమిషాల్లో అయిపోయే పని. హెప్సిబా దాన్ని చూడకుండానే పైకి వెళ్ళిపోయింది. శనివారం తెల్లవారి కిందికి వచ్చేసరికి ఎర్ర దీపం మళ్ళీ మినుకుమినుకుమంటోంది. కాపీ ఇంకా అవుతూనే ఉంది. దాని వెనక ఇరుక్కుపోయిన మంచు లెక్క సగం కూడా కాలేదు. మెసేజి ఎనిమిదిన్నరకి వెళ్ళింది.

హెప్సిబా కుర్చీలో కూర్చుని కాపీ ఎంతవరకు వచ్చిందో చూసింది. జరిగింది అర్థం చేసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆరు జీబీల వీడియోని అయిదు వందల పన్నెండు బైట్ల ముక్కలుగా కోస్తే కోటీ పాతిక లక్షల ముక్కలు. ప్రతి ముక్కా ఎక్కడుందో ఆపరేటింగ్ సిస్టమ్ రాసి పెట్టుకోవాలి. అవన్నీ ఒకే చోట కూడా లేవు. రాత్రంతా వచ్చిపడుతున్న మంచు ఫైళ్ళ మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ దూరాయి. పెద్ద ఇల్లు తప్పని, చిన్న ఇల్లే ఒప్పని అనుకుంది. ఎవరికి ఇల్లు కడుతున్నామో అడగడం మరిచిపోయింది. ఇది కూడా నిర్మల మేడం చెప్పే ఉంటుంది. ఆ గళ్ళ బోర్డు రెండో సగం అదే అయి ఉంటుంది.

ముందు ఇన్నయ్యకి ఫోన్ చేసింది.

"బాబాయ్, ఇవాళ మళ్ళీ లేటైంది. ఈసారి మిషనుది కాదు, నేనే తెలివితక్కువ పని చేశాను."

అవతల గాలి చప్పుడు వినిపిస్తోంది. "నేను మందు కొడతానే ఉన్నా," అన్నాడాయన. "అయిదుకి నువ్వు పలక్కపోతే నిదర పోయినావేమో అనుకున్నా. చేత్తో చూసుకున్నా. తడి గట్టిగానే ఉంది, ఆరినాక మొదలుపెట్టినా. నీ మెసేజి ఏమన్నది?"

"కొట్టమనే."

"చూసినావా," అన్నాడు. ఆ గొంతులో చిన్న గర్వం ఉంది. అది ఆమెని ఎంత తేలిక పరిచిందో ఆయనకి తెలియదు.

ఆ ఆదివారం ఆమె ప్రార్థన ముగించుకుని నేరుగా ఆఫీసుకి వచ్చింది. డిస్కుని రెండు భాగాలు చేసింది. చిన్న భాగంలో మంచు. దానికి నాలుగు కేబీల బ్లాకు. మరీ చిన్నది పెట్టి ముక్కల పద్దులు పెంచడం కన్నా కాస్త ఖాళీ పోతే పోనిమ్మని ఆ సైజు దగ్గర ఆగింది. పెద్ద భాగంలో మహేష్ వీడియోలు. దానికి పాత నూట ఇరవై ఎనిమిదే. ఇంకో మార్పు కూడా చేసింది. వారం దాటిన మంచు ఫైళ్ళని గుంజకొకటి చొప్పున రోజు మూటలుగా కట్టేటట్టు చిన్న ప్రోగ్రాం రాసింది. దాంతో ఏడు వందల ఇరవై ఫైళ్ళు ఒకటవుతాయి. ఇది మొదటి రోజునే తోచాల్సింది కదా అనుకుంది. తోచలేదు. సాయంత్రం అయ్యేసరికి మెడ పట్టేసింది.

సోమవారం నాలుగూ నలభై అయిదు. మంగళవారం నాలుగూ నలభై నాలుగు. శుక్రవారం వీడియో రెండు నిమిషాల్లో కాపీ అయింది, శనివారం మెసేజి ఆగలేదు. ఇన్నయ్య కింది మూలలో చెడ్డ కాయ చెడ్డదే, దానికి ఎవరూ ఏమీ చేయలేకపోయారు. పై మడులు మాత్రం నిలబడ్డాయి. రెండో కోతకి కాయలు ఆకుల మధ్య ఎర్రగా మెరుస్తూ కనిపించాయి.

జనవరిలో ఒక రోజు మంచు మునుపెన్నడూ లేనంతగా దిగింది. నాలుగింటికే మెలకువ వచ్చిన హెప్సిబా కిందికి దిగకుండా శాలువా కప్పుకుని రోడ్డు మీదికి నడిచింది. కంప్యూటరు పని కంప్యూటరు చేసుకుంటుందని మొదటిసారి అనిపించింది. తోటల గట్టు దాకా వెళ్ళి ఆగింది. ముందు ఏమీ లేదు. వెన్నెలకి తెల్లగా, కదలకుండా, ఊపిరి బిగబట్టినట్టు ఉంది లోకమంతా. ఆ తెలుపులో మనుషులున్నారని మాటలు వినిపిస్తే తెలుస్తోంది. ఎవరో దగ్గారు. ఎవరో ఎవర్నో పిలిచి నీళ్ళ పైపు సంగతి అడిగారు.

అప్పుడు ఎడమ వైపు ఎక్కడో ఒక ఫోను టింగుమంది. దాని వెనకే ఇంకొంచెం దూరంలో ఇంకొకటి. తర్వాత కుడివైపున, తర్వాత బాగా దూరంగా కొండ దిక్కున. ఒకదాని తర్వాత ఒకటి, కనిపించని తోటల్లో, కనిపించని జేబుల్లో. హెప్సిబా కదలకుండా నిలబడి వింది. ఎన్ని మోగాయో లెక్కపెట్టలేదు. చెప్పుల్లోంచి తడి పాదాలకి ఎక్కుతోంది. వెనక్కి వెళ్ళాలనిపించలేదు.